ఆగస్టు 23న ఏమేం జరిగాయి? బడి బోర్డుకు 'చరిత్రలో ఈ రోజు' తయారుచేసే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా హైస్కూళ్ళ వరండాల్లో 'చరిత్రలో ఈ రోజు' అని ఒక నల్లబోర్డు ఉంటుంది. ప్రార్థనకు పది నిమిషాల ముందు ఎవరో ఒకరు ఫోన్ తెరిచి, దొరికిన జాబితాలో మొదటి నాలుగు వాక్యాలు దాని మీదికి ఎక్కించేస్తారు. దాంతో ఆగస్టు 23న ఒంగోలు పిల్లవాడు ఐరోపాలో ఎప్పుడో కుదిరిన ఒప్పందం గురించి చదువుతాడు. తన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పుట్టింది ఆ రోజేనన్న సంగతి బోర్డు మీద ఉండదు. ఉన్నా కింద చివరి వరుసలో, సున్నం అంటుకుని, సగం చెరిగిపోయి ఉంటుంది.

ఈ పని బాగా చేయాలంటే రోజుకు పది నిమిషాలు చాలవు. ఒక్కసారి కూర్చుని పునాది వేసుకుంటే మాత్రం తర్వాత రోజుకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. పద్ధతి ఇదీ.

ముందుగా కార్డులు

గట్టి అట్టను 5 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పున ముక్కలు కోయించండి. 366 కావాలి. 365 కోయిస్తే ఫిబ్రవరి 29 దగ్గర ఇరుక్కుంటారు. మొరార్జీ దేశాయ్ పుట్టింది 1896 ఫిబ్రవరి 29నే. లీపు సంవత్సరం కాని ఏడాది ఆ కార్డును 28న తీసి, అసలు తేదీ 29 అని స్పష్టంగా రాయాలి. మార్చి 1కి జరపకండి, నెల మారిపోతే పిల్లలు తికమక పడతారు.

కార్డులన్నీ ఒక చెప్పుల పెట్టెలో సరిగ్గా సరిపోతాయి. నెలనెలకూ మధ్య ఒక రంగు అట్ట పెట్టండి. నోటుపుస్తకం వద్దనడానికి కారణముంది. పుస్తకంలో ఒక తేదీకి పేజీ నిండితే కొత్త సంగతి ఎక్కడో చివర రాయాల్సి వస్తుంది, మరుసటి ఏడాదికి అది ఎవరికీ దొరకదు. కార్డు నిండితే దాని వెనకే ఇంకో కార్డు పెట్టుకోవచ్చు.

ఒక్కో సంగతికి కార్డు మీద ఐదు విషయాలు ఉండాలి: సంవత్సరం, ఏం జరిగింది, ఎక్కడ, మనకెందుకు, ఎక్కడ చూసి రాశాం. ఐదోదాన్నే అందరూ వదిలేస్తారు. రెండేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి "ఈ తేదీ తప్పండీ" అంటే చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది.

తేదీని నమ్మే ముందు

అసలు కష్టమంతా ఇక్కడే. ఇంటర్నెట్‌లో పది చోట్ల ఒకే తేదీ కనబడిందంటే పది ఆధారాలు దొరికినట్టు కాదు. చాలావరకు ఒకచోట రాసింది మిగతా తొమ్మిదిచోట్ల ఎత్తి రాసుకున్నదే. వాక్యం కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటే దాన్ని ఒక్క ఆధారంగానే లెక్కపెట్టండి. రెండోది వేరే దారిలో రావాలి. ఆనాటి పత్రిక, ప్రభుత్వ ఉత్తర్వు, ఆ మనిషి స్వీయచరిత్ర, ఇస్రో వాళ్ళ సొంత ప్రకటన లాంటిది ఏదైనా సరే. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికలకు పేరుపడ్డ గ్రంథాలయం. ఒకపూట వీలు చేసుకుని వెళ్ళిరండి. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మారింది కాబట్టి ఆ తర్వాతి సంగతులకు అది మంచి సాక్ష్యం.

పత్రిక చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పైన అచ్చయిన తేదీ పత్రిక వచ్చిన రోజుది, సంగతి జరిగిన రోజుది కాదు. రాత్రి జరిగినది మర్నాడో ఆ మర్నాడో వస్తుంది. జమీన్ రైతు లాంటి వారపత్రికలో అయితే వారం వెనకటి సంగతి కూడా ఉండొచ్చు. లోపల 'నిన్న', 'గత సోమవారం' అని ఏముందో చదివి వెనక్కి లెక్కకట్టాలి.

ఇక్కడ వారం లెక్క బాగా పనికొస్తుంది, ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. నెలలకు ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి: జనవరి 0, ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 6, మే 1, జూన్ 4, జూలై 6, ఆగస్టు 2, సెప్టెంబరు 5, అక్టోబరు 0, నవంబరు 3, డిసెంబరు 5. శతాబ్దానికి ఇంకో అంకె: 1800లకు 2, 1900లకు 0, 2000లకు 6. సంవత్సరంలో చివరి రెండంకెలు, వాటిని నాలుగుతో భాగిస్తే వచ్చే భాగఫలం, నెల అంకె, తేదీ, శతాబ్దపు అంకె అన్నీ కూడి ఏడుతో భాగించండి. శేషం 0 అయితే ఆదివారం, 1 అయితే సోమవారం, అలా శనివారం దాకా. లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు మాత్రం ఒకటి తగ్గించాలి.

పొట్టి శ్రీరాములు అమరులైన 1952 డిసెంబరు 15 చూద్దాం. 52, దాన్ని నాలుగుతో భాగిస్తే 13, డిసెంబరుకు 5, తేదీ 15, శతాబ్దానికి 0. మొత్తం 85. ఏడుతో భాగిస్తే శేషం 1, అంటే సోమవారం. ఇదే లెక్క 1872 ఆగస్టు 23కి వేస్తే 72, 18, 2, 23, 2 కలిపి 117, శేషం 5, శుక్రవారం. మీరు చూస్తున్న ఆధారంలో వారం పేరు వేరేగా ఉంటే తేదీలోనో సంవత్సరంలోనో ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట. వారం కలిసినంత మాత్రాన తేదీ నిజమని తేలిపోదు, తప్పు ఉంటే బయటపడే అవకాశం పెరుగుతుంది, అంతే.

రోజులు లెక్కపెట్టేచోట ఇంకో పొరపాటు జరుగుతుంది. శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న. తీసివేత చేస్తే 57 వస్తుంది, పుస్తకాల్లో 58 ఉంటుంది. రెండు కొసలూ కలిపి లెక్కపెట్టాలి: అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15. మొత్తం 58. జయంతుల దగ్గర దీనికి తిరగేసి, ఒట్టి తీసివేతే సరి. ప్రకాశం గారి 150వ జయంతి 2022లో వచ్చింది. పుట్టిన ఏడాదిని కూడా ఒకటిగా లెక్కవేసి 151 అని బ్యానరు వేయించిన తర్వాత దిద్దుకోవడం కష్టం.

ఒకే సంగతికి నాలుగు తేదీలు

ఆంధ్రరాష్ట్రం ఎప్పుడు వచ్చింది? డిసెంబరు 15న శ్రీరాములు ప్రాణత్యాగం, 19న నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పాటు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. నాలుగూ నిజమైన తేదీలే, నాలుగూ వేర్వేరు సంగతులు. కార్డు మీద 'ఆంధ్రరాష్ట్రం వచ్చింది' అని రాయకండి. 'ప్రకటించారు', 'ఏర్పడింది' అని ఏది జరిగితే అది రాయండి.

మన జిల్లా విషయంలోనే ఈ తప్పు ఎక్కువ. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల తాలూకాలు కలిపి ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. 1972 డిసెంబరు 5న దానికి ప్రకాశం పేరు పెట్టారు. డిసెంబరు 5 కార్డు మీద 'ప్రకాశం జిల్లా ఏర్పడింది' అని రాస్తే రెండేళ్ళ చరిత్ర మింగేసినట్టే.

ఊరు ఏ జిల్లాలో ఉందో రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ప్రకాశం పుట్టిన వినోదరాయునిపాలెం ఇవాళ ప్రకాశం జిల్లాలో ఉంది. 1872 నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాది. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది, 1970లో ఒంగోలు జిల్లా అయింది. కాబట్టి ఆయన మావాడంటే మావాడని వాదించే రెండు జిల్లాల పిల్లలూ తప్పు కాదు. 'వినోదరాయునిపాలెం, నాటి నెల్లూరు జిల్లా' అని రాస్తే సరిపోతుంది. శ్రీహరికోట కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా అది నెల్లూరు జిల్లా. అంతకు ముందు జరిగిన ప్రయోగాలకు 'నాటి నెల్లూరు జిల్లా' అనే రాయాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. నెల్లూరు జిల్లాకు పేరున్నంత మాత్రాన శ్రీరాములు గారు నెల్లూరులో పుట్టారనుకుంటారు. ఆయన 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. జిల్లాకు ఆయన పేరు పెట్టింది 2008లో.

గడియారం, పంచాంగం

అపోలో 11 చంద్రుడి మీద దిగింది అమెరికా తేదీ ప్రకారం 1969 జూలై 20. మన గడియారంలో అప్పటికి 21వ తేదీ తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది మనకు ఉదయం 8 గంటల 26 నిమిషాలకు. అంతర్జాతీయ కాలానికి ఐదున్నర గంటలు కలుపుకుని చూడండి. తేదీ మారిపోతే ప్రపంచం వాడే తేదీ కిందే కార్డు ఉంచి, 'మనకు 21 ఉదయం' అని పక్కన రాయండి.

రష్యాలో అక్టోబరు విప్లవం నవంబరు 7న ఎందుకొస్తుందో పిల్లలు అడుగుతారు. అక్కడ అప్పటిదాకా పాత క్యాలెండరే నడిచింది, 1917 నాటికి తేడా 13 రోజులు. న్యూటన్ పుట్టినరోజు కూడా ఒకచోట 1642 డిసెంబరు 25 అని, ఇంకోచోట 1643 జనవరి 4 అని ఉండేది ఇందుకే. కార్డు మీద రెండూ రాసి, ఏది పాతదో చెప్పండి.

ఊళ్ళో శాసనం ఉంటే శకసంవత్సరం కనబడుతుంది. 78 కలిపితే మన లెక్కలోకి వస్తుంది. ఏడాది చివరి నెలలు జనవరి దాటితే 79. కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం పట్టిన 1514కి శకం 1436, భావ నామ సంవత్సరం. శకసంఖ్య, సంవత్సరనామం ఒకదానికొకటి కలుస్తున్నాయా లేదా అన్నది మంచి పరీక్ష. అరవై ఏళ్ళ చక్రం 1987లో ప్రభవతో మొదలైంది, అక్కణ్ణించి అరవై చొప్పున వెనక్కి పోవడమే.

తేదీ తెలియనివాళ్ళకు తేదీ కల్పించవద్దు. నెల్లూరు గురించి రాస్తూ తిక్కనను ఎలా వదిలేస్తాం అనిపిస్తుంది. పదమూడో శతాబ్దపు కవికి పుట్టిన తేదీ ఎక్కడ తెస్తారు? అలాంటివాళ్ళకు పెట్టె చివర విడిగా ఒక కట్ట పెట్టి, ఏమీ దొరకని రోజున అందులోంచి ఒకటి తీయండి. శీర్షిక మాత్రం 'చరిత్రలో ఈ రోజు' కాదు, 'మన నేల మీద' అని మార్చండి.

మొదటి కార్డులు మన తీరానివి

ఖాళీ పెట్టె చూస్తే చేయి రాదు. ఇవి ముందుగా వేసుకోండి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు ఎదురుగా మద్రాసులో ప్రకాశం గుండె చూపిన రోజు. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి ఒకే రాకెట్టులో 104 ఉపగ్రహాలు. మే 1 కార్మిక దినం, 1913లో అదే రోజు అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య పుట్టారు. మే 7న ఆత్రేయ, 1921, సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు. మే 19న సుందరయ్య వర్ధంతి, 1985. మర్నాడే ప్రకాశం వర్ధంతి, 1957. జూన్ 4న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 1946. ఆగస్టు 5న బెజవాడ గోపాలరెడ్డి, బుచ్చిరెడ్డిపాళెం, 1907. నవంబరు 9న కవికోకిల దువ్వూరి రామిరెడ్డి, 1895.

శ్రీహరికోటకు విడిగా ఒక రంగు గీత పెట్టుకోండి. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో అక్కడ పని మొదలైంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది, 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దయచేసి ఆగస్టు 10 కార్డు మానేయకండి. ఓడిన రోజు కూడా బోర్డుకెక్కితేనే గెలిచిన రోజు విలువ పిల్లలకు తెలుస్తుంది.

అక్టోబరు 1 కార్డు చూడముచ్చటగా ఉంటుంది. 1953లో ఆంధ్రరాష్ట్రం, ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. 1921లో నెల్లూరు సీమ హాస్యనటుడు రమణారెడ్డి, 1922లో అల్లు రామలింగయ్య, ఇద్దరూ పుట్టింది ఆ తేదీనే. డిసెంబరు 5న జిల్లాకు ప్రకాశం పేరు పక్కనే 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి వస్తుంది. డిసెంబరు 26న సునామీ, 2004. ఆ కార్డులో భూకంపం వచ్చిన సమయం, ఉదయం ఆరున్నర, తప్పక రాయండి. అల మన తీరానికి చేరడానికి గంటల వ్యవధి ఉండిందని పిల్లలకు తెలియాలి. సముద్రం ఒడ్డు పల్లెల బడులకు ఇది చరిత్ర ఒక్కటే కాదు, ప్రాణరక్షణ పాఠం.

ఒక చిక్కు ఉంది. మే నెల, జూన్ మొదటివారం వేసవి సెలవులు. ఆత్రేయ, సుందరయ్య, బాలు ఎవరూ బడి బోర్డు ఎక్కరు. ఏప్రిల్ చివరి పనిదినాన సెలవుల తేదీలన్నీ ఒక చార్టు మీద రాసి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఆదివారం సంగతుల్ని సోమవారం 'నిన్న' అని పెట్టుకోవచ్చు.

ఐదింటిని ఏరడం

ఆగస్టు 23కి వద్దాం. కార్డు మీద ఉన్నవి: 1791లో సెయింట్ డొమింగ్‌లో, అంటే నేటి హైతీలో, బానిసల తిరుగుబాటు (22 రాత్రి మొదలై 23 దాకా, యునెస్కో ఆ రోజును బానిస వ్యాపార స్మృతిదినంగా పాటిస్తుంది), 1872 ప్రకాశం, 1939లో జర్మనీ, సోవియట్ నిరాక్రమణ ఒప్పందం, 1944లో నటి సైరాబాను జననం, 1966లో లూనార్ ఆర్బిటర్ 1 చంద్రుడి దగ్గర్నుంచి భూమిని తీసిన మొదటి ఫోటో, 2023లో సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగడం. ఆ రోజే జాతీయ అంతరిక్ష దినం.

అన్నీ ఎక్కిస్తే ఎవరూ చదవరు. మొదట మన ఊరిది, తర్వాత దేశానిది, ఆపైన ప్రపంచానిది, ఈ వరుస పెట్టుకోండి. ప్రకాశం మొదటి వరుస. చంద్రయాన్ రెండోది, జూలై 14న అది బయల్దేరింది శ్రీహరికోట నుంచేనని తప్పక చెప్పాలి. 1966 ఫోటో మూడోది, ఎందుకంటే అది చంద్రయాన్‌తో జతపడుతుంది: అక్కడినుంచి మనల్ని చూసిన తేదీనే, అక్కడికి మనం చేరాం. నాలుగోది బానిసల తిరుగుబాటు. ఒప్పందం తొమ్మిది, పది తరగతులకు పనికొస్తుంది, చోటుంటే ఐదోది. సినిమా నటి పుట్టినరోజు ఈసారి పెట్టెలోనే ఉండనివ్వండి, మరుసటి ఏడు తీయొచ్చు. ఏటా ఒకే ఐదు రాస్తే రెండో ఏడాదికే పిల్లలు బోర్డు వైపు చూడరు. మొదటి వరుస మార్చకుండా మిగతావి మారుస్తూ ఉండండి.

పుట్టుక, చావు ఒకే తేదీన వచ్చినప్పుడు కలిపి రాయకండి. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు, 1950లో సర్దార్ పటేల్, ఇద్దరి వర్ధంతి. 1933లో బొమ్మల బాపు పుట్టింది కూడా ఆ రోజే. వర్ధంతులు పైన, ఒక అడ్డగీత, కింద జయంతి. శుభాకాంక్షల మాట ఆ బోర్డు మీద ఎక్కడా రాకూడదు.

బోర్డు మీద

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బోర్డు అనుకుంటే, శీర్షికకు 5 అంగుళాలు వదిలి, మిగతా 31 అంగుళాలను 4 అంగుళాల చొప్పున గీసుకోండి. ఏడు వరుసలు వస్తాయి. తెలుగుకు ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరుసల మధ్య అంత జాగా కావాలి. ఇంగ్లీషు రాసినట్టు ఇరికిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో చిక్కుకుంటుంది. అక్షరం ఒకటిన్నర అంగుళం. అప్పుడు వరుసకు పాతికకు పైగా అక్షరాలు పడతాయి: '1872: టంగుటూరి ప్రకాశం జననం, వినోదరాయునిపాలెం' ఒక్క వరుసలో సరిపోతుంది. ఐదు సంగతులకు ఐదు వరుసలు, మొదటిదానికి వివరం ఇంకో వరుస, చివరి వరుస పిల్లల పుట్టినరోజులకు.

చాక్‌పీసును పంచదార నీళ్ళలో కాసేపు నానబెట్టి రాస్తే అక్షరం తెల్లగా, చేయి తగిలినా చెరగకుండా నిలుస్తుంది. తుడవడానికి తడిగుడ్డ కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల జల్లు వరండాలోకి కొడుతుంది, ఆ మూడు నెలలూ బోర్డు లోపలి గోడకు మార్చండి.

ప్రార్థనలో చదివేది రెండు నిమిషాలు మించకూడదు, అంటే నూట యాభై మాటలు. సంవత్సరం చదవడం ముందురోజే సాధన చేయించండి. 'పద్దెనిమిది వందల డెబ్బై రెండు' అనడానికి తడబడితే పిల్లవాడు మిగతాది కూడా వణుకుతూ చదువుతాడు.

పిల్లల పుట్టినరోజులు

చివరి వరుసే పిల్లలు ముందు చూసేది. పేరు, తరగతి రాయండి చాలు, పుట్టిన సంవత్సరం, ఇంటిపేరు అక్కర్లేదు. హాజరుపట్టీ చూసి మాత్రం రాయకండి. బడిలో చేర్చిన రోజు తల్లిదండ్రులకు తేదీ గుర్తులేక, జూన్‌లోనో జూలైలోనో ఏదో ఒకటి వేయించిన పిల్లలు ఇప్పటికీ ఉంటారు. "ఇంట్లో ఎప్పుడు చేస్తారమ్మా?" అని అడిగి ఆ తేదీ రాయండి. తేదీ తెలియని పిల్ల ఉంటే ఆమెకు నచ్చిన రోజు ఎంచుకోనివ్వండి, అందరి ముందూ అడగకుండా.

తరగతిలో ఇద్దరిది ఒకే తేదీ వచ్చిందని ఆశ్చర్యపడతారు. అది లెక్కల పాఠానికి మంచి అదను. ఇరవై ముగ్గురుంటే ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే, నలభై మంది తరగతిలో నూటికి సుమారు 89. ముందు పిల్లల చేత ఊహించి రాయించి, తర్వాత నిజం తేదీలతో పోల్చండి.

తప్పు పడితే

ఎంత చూసినా ఒకటి జారుతుంది. ఎవరైనా చెప్పినప్పుడు కార్డు తీసి, ఐదో గడిలో రాసిన ఆధారం చూపించి, వాళ్ళ ఆధారం అడగండి. వాళ్ళది గట్టిదైతే పాత తేదీని ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టండి, పూర్తిగా చెరపకండి. అదే తప్పు ఇంకోసారి ఎవరైనా తెస్తే అప్పటికే దిద్దామని తెలియాలి. మర్నాడు బోర్డు మీద మొదటి వరుసలో, అదే ఒకటిన్నర అంగుళం అక్షరాలతో, 'నిన్నటి సవరణ' అని రాయండి. కనిపెట్టింది పిల్లలైతే వాళ్ళ పేరు, తరగతి కూడా పక్కన రాయండి.